పని మీద మనసు నిలవాలంటే
(రోగుల కుటుంబ సభ్యులకు ఒక పాఠం)

ఇంట్లో ఒకరికి పెద్ద జబ్బు వస్తే మంచం పట్టేది ఒక్కరే అయినా, ఆ బరువు ఇంటిల్లిపాది మీదా పడుతుంది. ఒకరు ఆసుపత్రిలో రోగి పక్కన కూర్చుంటారు. ఇంకొకరు పనికి వెళ్లి నాలుగు రూపాయలు తేవాలి. చాలా ఇళ్లలో ఈ రెండు పనులూ ఒకే మనిషి చేస్తారు. రాత్రంతా వార్డులో మేలుకుని, తెల్లవారగానే పొలానికో, దుకాణానికో, బడికో, కచేరీకో వెళ్తారు. కొన్నాళ్లు గడిచాక ఆ మనిషి నోట వచ్చే మాట ఒకటే: "పని మీద మనసు నిలవడం లేదు."

ఈ పాఠం ఆ మాట అన్నవారి కోసం రాసినది. హర్షవల్లి అనే పేరే వాడుకలో అరసవల్లి అయిందని మన ప్రాంతంలో పెద్దలు చెబుతారు. హర్షమంటే సంతోషం. అలాంటి పేరున్న ఊరి చుట్టుపక్కల ఉంటూ కూడా, ఇంట్లో జబ్బు ఉన్నప్పుడు సంతోషంగా పని చేయడం ఎవరికీ తేలిక కాదు. అయినా పనిని నిలబెట్టుకోవాలి. రోగికి మందు ఎంత అవసరమో, ఆ మందు కొనే చేతికి బలం ఉండడమూ అంతే అవసరం. ఆ బలాన్ని ఎలా కాపాడుకోవాలో ఒక్కొక్కటిగా చూద్దాం.

1. ఇది సోమరితనం కాదు

మొట్టమొదట ఒక విషయం తెలుసుకోండి. రోగిని చూసుకుంటూ పని చేసే మనిషికి ఉత్సాహం తగ్గడం గుణలోపం కాదు. అలసిన శరీరం, మనసు చేసే హెచ్చరిక అది.

2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పని ఒత్తిడి వల్ల మనిషి అరిగిపోయే స్థితిని తన జబ్బుల వర్గీకరణలో వివరించింది. దాన్ని ఒక జబ్బుగా కాక, పని వల్ల ఏర్పడే స్థితిగా పేర్కొంటూ మూడు గుర్తులు చెప్పింది. ఒంట్లో ఓపిక పూర్తిగా తగ్గిపోవడం ఒకటి. చేసే పని మీద విసుగు, దూరం పెరగడం రెండోది. ఇదివరకు చేసినంత బాగా చేయలేకపోతున్నామనిపించడం మూడోది. ఆ మాటలు ఉద్యోగంలో ఒత్తిడిని గురించి చెప్పినవే. అయితే ఇంట్లో రోగికి సేవ చేసేవారిలోనూ ఇవే గుర్తులు కనిపిస్తాయి. ఎందుకంటే వారు చేసేది రెండు ఉద్యోగాలు. ఒకదానికే జీతం వస్తుంది.

మన జిల్లాలోనే ఉద్దానం ప్రాంతాన్ని తీసుకోండి. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కొబ్బరి, జీడి తోటల మధ్య వేలాది కుటుంబాలు ఏళ్ల తరబడి మూత్రపిండాల జబ్బుతో పోరాడుతున్నాయి. ఆ జబ్బుకు ఫలానాదే కారణమని ఒక్కదాన్ని వేలెత్తి చూపలేకపోయారు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, మూత్రపిండాల పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. ఆసుపత్రి దగ్గరైతే ప్రయాణం తగ్గుతుంది. కానీ తోడు వచ్చేవారి లెక్క చూడండి. డయాలసిస్ సాధారణంగా వారానికి 3 సార్లు, ఒక్కోసారి 4 గంటల పాటు చేస్తారు. ప్రయాణం, వరుస కోసం ఆగడం, పూర్తయ్యాక రోగి తేరుకోవడం కలిపితే ప్రతిసారీ ఒక పనిదినం పోయినట్టే. అంటే వారంలో 6 పనిదినాలుంటే 3 పోతాయి. మిగిలిన 3 రోజుల్లో 6 రోజుల సంపాదన రావాలని తంటాలు పడే మనిషిని సోమరి అనడం న్యాయమా? మీరే అలోచించండి. మిమ్మల్ని మీరు తిట్టుకోవడం మానడంతోనే సగం బరువు దిగుతుంది.

2. ముందు మీ ఒంటిని చూపించుకోండి

ఓపిక లేకపోతే మనం వెంటనే "మనసు బాగోలేదు" అనుకుంటాం. చాలాసార్లు లోపం రక్తంలో ఉంటుంది. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల మధ్య స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. అంటే వార్డులో రోగుల పక్కన కూర్చున్న స్త్రీలలో సగానికి పైగా తామూ నీరసంతోనే ఉన్నారన్నమాట. గర్భిణి కాని స్త్రీకి హిమోగ్లోబిన్ 12 గ్రాముల కన్నా, పురుషుడికి 13 గ్రాముల కన్నా తక్కువ ఉంటే దాన్ని రక్తహీనత అంటారు. మెట్లెక్కితే ఆయాసం, కళ్లు తిరగడం, పని మొదలుపెట్టిన కాసేపటికే కూర్చోవాలనిపించడం దీని లక్షణాలు.

ఇదే విధంగా మధుమేహం, థైరాయిడ్ లోపం, క్షయ, మూత్రపిండాల జబ్బు కూడా మొదట్లో ఉత్త అలసటలాగే కనిపిస్తాయి. రక్తపోటు పెరిగినా చాలామందికి తెలియదు. కాబట్టి రోగిని చూపించడానికి ఆసుపత్రికి వచ్చిన రోజునే మీరు కూడా రక్తపోటు, రక్తంలో చక్కెర, హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోండి. ఇంట్లో ఒకరికి మూత్రపిండాల జబ్బు ఉంటే మిగతావారు క్రియాటినిన్, మూత్ర పరీక్షలు కూడా చేయించుకోవడం మంచిది. రెండు వారాలకు మించి దగ్గు ఉంటే కళ్లె పరీక్ష తప్పనిసరి.

తిండి విషయంలో ఒక్క మాట. రోగికి క్యారేజీ పంపి, తాను టీ, బిస్కెట్లతో పూట గడిపే అలవాటు మన ఆడవాళ్లలో చాలా ఎక్కువ. ఇది మానాలి. ఖరీదైన పొడులు అక్కర్లేదు. పొద్దున్న చోడి అంబలి, మధ్యాహ్నం అన్నంతో పప్పు, తోటకూర గాని ములగాకు గాని, వీలైతే ఒక గుడ్డు ఉంటే చాలు. కూర మీద నిమ్మరసం పిండుకుంటే అందులోని ఇనుము బాగా ఒంటికి పడుతుంది. భోజనం చేస్తూనే టీ తాగితే ఆ ఇనుము సరిగా ఒంటపట్టదు. కాబట్టి భోజనానికీ టీకీ మధ్య గంట వ్యవధి ఉంచండి.

ఎండలో పని చేసేవారు దాహం వేసే దాకా ఆగకుండా నీళ్లు, మజ్జిగ, తరవాణి తాగుతూ ఉండాలి. అయితే ఇది మీకు చెప్పే మాట మాత్రమే. డయాలసిస్ మీద ఉన్న రోగికి, గుండె బలహీనత ఉన్న రోగికి నీటి కొలత వేరుగా ఉంటుంది. వారికి డాక్టరు చెప్పిన లెక్కే పాటించండి.

3. నిద్రను, వెలుగును అశ్రద్ధ చేయకండి

17 గంటలు ఏకధాటిగా మేలుకున్న మనిషి చురుకుదనం, కొంత మద్యం తాగిన మనిషి స్థాయికి పడిపోతుందని 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు చూపించారు. ఇది మనకు చాలా ముఖ్యమైన మాట. ఉదయం 5కు లేచి, పగలంతా పని చేసి, రాత్రి 10 దాటాక కూడా వార్డులో మేలుకుని ఉన్నవారు అదే స్థితిలో ఉంటారు. ఆ స్థితిలో మోటారు సైకిలు నడపడం, కొబ్బరి చెట్టెక్కడం, పరంజా మీద నిలబడడం, యంత్రం దగ్గర చెయ్యి పెట్టడం ప్రమాదం. రాత్రి కాపలా ఉన్న మర్నాడు అలాంటి పని ఉంటే దాన్ని మార్చుకోండి, లేదా కాపలా ఇంకొకరికి అప్పగించండి.

రాత్రి కాపలాను ఒకే మనిషి మీద వేయకండి. ఇద్దరుంటే రాత్రి 9 నుంచి 2 వరకు ఒకరు, 2 నుంచి ఉదయం వరకు మరొకరు చూసుకోవచ్చు. అప్పుడు ప్రతి ఒక్కరికీ నాలుగైదు గంటలు తెంపు లేని నిద్ర దొరుకుతుంది.  మిగిలిన నిద్రను పగలు పూడ్చుకోవాలి. మధ్యాహ్నం 20 నిమిషాల కునుకు తీయడంలో తప్పు లేదు. సాయంత్రం తర్వాత టీ, కాఫీ తగ్గించండి.

ఇక వెలుగు సంగతి. ఏటా మార్చిలోనూ అక్టోబరులోనూ కొద్ది రోజులు ఉదయపు సూర్యకిరణాలు గర్భగుడిలో స్వామి పాదాలను తాకడం చూడడానికి జనం అరసవల్లికి వస్తారు. మన శరీరానికి మాత్రం ఉదయపు వెలుగు ఏడాది పొడవునా అవసరం. మన ఒంట్లో 24 గంటలకు తిరిగే ఒక గడియారం ఉంది. ఆ గడియారం ఎలా నడుస్తుందో కనుగొన్న ముగ్గురు అమెరికా శాస్త్రవేత్తలకు 2017లో వైద్యంలో నోబెల్ బహుమతి ఇచ్చారు. ప్రతిరోజూ ఆ గడియారాన్ని సరిచేసేది ఉదయపు వెలుగే. వార్డులో ట్యూబులైట్ల కింద రాత్రీ పగలూ గడిపేవారికి ఆ గడియారం తప్పుతుంది. అప్పుడు రాత్రి నిద్ర పట్టదు, పగలు తూగు వస్తుంది. కాబట్టి ఉదయాన్నే ఒక అరగంట ఆరుబయటకు వెళ్లండి. ఆసుపత్రి ఆవరణలో నాలుగు చుట్లు నడిచినా చాలు.

4. ఉత్సాహం వచ్చాక మొదలుపెడదామని ఆగకండి

చాలామంది "మనసు కుదురుకున్నాక పని మొదలుపెడతాను" అనుకుంటారు. జరిగేది దీనికి తలకిందులుగా ఉంటుంది. పని మొదలైన తర్వాతే మనసు కుదురుకుంటుంది. దిగులుతో బాధపడేవారికి మానసిక వైద్యులు చేసే చికిత్సల్లో ఒకటి ఈ సూత్రం మీదే నడుస్తుంది. మనసు బాగున్నా బాగోకపోయినా, ముందుగా రాసుకున్న చిన్న పనిని అనుకున్న వేళకు చేయిస్తారు. అలా రోజూ ఒకటి రెండు పనులు పూర్తయ్యేకొద్దీ మనసు తేలిక పడుతుంది.

దీన్ని మీరు ఇంట్లోనే పాటించవచ్చు. చేయాల్సిన పని దగ్గర కూర్చుని, "10 నిమిషాలు మాత్రం చేస్తాను, తర్వాత మానేసినా ఫరవాలేదు" అనుకోండి. చాలాసార్లు 10 నిమిషాలయ్యాక చెయ్యి దానంతట అదే సాగుతుంది. సాగకపోతే నిజంగానే ఆపి విశ్రాంతి తీసుకోండి. అప్పుడు ఆ రోజు మీకు కావాల్సింది నిద్ర అని తెలుస్తుంది.

పెద్ద పనిని చూస్తే భయం వేస్తుంది కాబట్టి దాన్ని ముక్కలు చేయాలి. దీనికి మన జిల్లాలోని పొందూరు ఖద్దరు మంచి ఉదాహరణ. అంత సన్నటి బట్ట ఒక్క ఊపులో తయారు కాదు. పొందూరులో వలుగ చేప దవడతో పత్తిని దువ్వి శుభ్రం చేస్తారు. తర్వాత గింజ తీస్తారు, దూది ఏకుతారు, ఏకులు చుడతారు, రాట్నం మీద నూలు వడుకుతారు, చివరికి మగ్గం మీద నేస్తారు. ఎన్నో చేతులు, ఎన్నో మెట్లు. ఏకులు చుట్టే మనిషి ఆ రోజు చీర పూర్తి కాలేదని బాధపడదు. తన వంతు ఏకులు పూర్తయ్యాయా లేదా అన్నదే ఆమె చూసుకుంటుంది.

మీరు కూడా అలాగే చేయండి. "అప్పులన్నీ తీర్చాలి, నాన్నకు నయం కావాలి, పంట ఇంటికి రావాలి" అని రోజూ తలచుకుంటే చెయ్యి ఆడదు. "ఈ రోజు ఒక మడికి కలుపు తీస్తాను", "ఈ పూట పది నోటు పుస్తకాలు దిద్దుతాను", "మధ్యాహ్నం లోపు ఈ రెండు కాగితాలు పంపిస్తాను" అని రాసుకోండి. రోజుకు మూడు పనులకు మించి రాయకండి. పూర్తయిన దాని మీద గీత కొట్టండి. ఆ గీత చూసినప్పుడు కలిగే తృప్తే మర్నాటి ఉత్సాహానికి విత్తనం.

5. బరువును పంచుకోండి, మాట చెప్పి ఉంచండి

మన కుటుంబాల్లో సేవంతా ఒక్కరి మీదే పడడం మామూలు. ఎక్కువగా కోడలో, పెద్ద కూతురో ఆ మనిషి అవుతుంది. మిగతావారు "ఏమైనా కావాలంటే చెప్పండి" అని వెళ్లిపోతారు. అలా అన్నవారిని ఊరికే పోనివ్వకండి. ఏ పని, ఏ రోజు, ఎన్ని గంటలకు అన్నది స్పష్టంగా అడగండి. "బావగారూ, గురువారం రాత్రి మీరు ఉండండి" అని అడిగితే కాదనేవారు తక్కువ. ఆసుపత్రికి రాలేని పెద్దమ్మ పిల్లల్ని బడికి పంపవచ్చు. దూరాన హైదరాబాదులోనో చెన్నైలోనో పనిలో ఉన్న తమ్ముడు ఫోను మీద మందుల లెక్క, డబ్బు లెక్క చూడవచ్చు. ఎవరు ఏం చేయాలో ఒక కాగితం మీద రాసి గోడకు అంటించండి.

పని ఇచ్చేవారికి కూడా విషయం ముందే చెప్పండి. చెప్పా పెట్టకుండా మానేసే మనిషి మీద నమ్మకం పోతుంది. చెప్పి మానేసేవారికి మళ్లీ పని దొరుకుతుంది. ఇలా అనవచ్చు: "మేస్త్రీ గారూ, మా నాన్నకు వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించాలి. సోమ, బుధ, శుక్రవారాలు రాలేను. మంగళ, గురు, శనివారాలు మాత్రం తప్పకుండా వస్తాను. ఆ మూడు రోజులూ నన్ను లెక్కలో ఉంచండి." రాలేని రోజులతో పాటు వచ్చే రోజులు కూడా చెప్పడం ఇందులో ముఖ్యం.

చికిత్స రోజులు ఎంచుకునే వీలుంటే మీ పని రద్దీని బట్టి అడగండి. అరసవల్లి గుడి వీధిలో కొబ్బరికాయలు, పూలు అమ్మే కుటుంబం ఒకటి ఉందనుకుందాం. వారి వ్యాపారమంతా ఆదివారాల మీద, రథసప్తమి మీద ఆధారపడి ఉంటుంది. శనివారం సరుకు తెచ్చుకోవాలి. అలాంటివారు కేంద్రంలో మాట్లాడి సోమ, బుధ, శుక్రవారాల వరుస అడిగితే శని, ఆదివారాలు పనికి మిగులుతాయి. అయితే శుక్రవారానికీ సోమవారానికీ మధ్య వ్యవధి ఎక్కువ. ఆ రెండు రోజులూ రోగి నీరు, ఉప్పు, పండ్ల విషయంలో మరింత జాగ్రత్తగా ఉండాలి. దుకాణం రద్దీలో ఆ సంగతి మరవకుండా ఆ బాధ్యత ఇంట్లో ఒకరికి అప్పగించండి.

మీకు రావాల్సిన సహాయాన్ని వదులుకోకండి. ఆరోగ్యశ్రీ పథకం 2007 ఏప్రిల్‌లో మొదట మొదలైన మూడు జిల్లాల్లో మన శ్రీకాకుళం ఒకటి. ఆంధ్రప్రదేశ్‌లో ఆ పథకాన్ని 2024 నుంచి ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు. మీ రోగి జబ్బు అందులో ఉందో లేదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి. డయాలసిస్ రోగులకు ప్రభుత్వ పింఛను కూడా ఉంది. సచివాలయంలో కనుక్కోండి. ఫ్యాక్టరీలో పని చేస్తూ ఈఎస్ఐ ఉన్నవారు తామే జబ్బు పడితే నిబంధనల ప్రకారం సెలవు రోజులకు జీతంలో కొంత భాగం పొందవచ్చు. డబ్బు గురించిన భయం కొంత తగ్గితే పని మీద మనసు నిలుస్తుంది.

6. పనిలో ఉన్నంతసేపు మనసు ఆసుపత్రిలో ఉంటే

ఇది చాలామంది చెప్పే బాధ. చేతులు పనిలో ఉంటాయి, చెవి ఫోను మీద ఉంటుంది. ఫోను మోగితే గుండె దడ, మోగకపోతే అనుమానం. దీనికి కొన్ని చిన్న ఏర్పాట్లు చేసుకోవచ్చు.

మొదటిది, ఫోను వేళలు పెట్టుకోండి. ఉదయం 11కు ఒకసారి, మధ్యాహ్నం 3కు ఒకసారి మాట్లాడతామని రోగి దగ్గర ఉన్నవారితో చెప్పండి. ఈ మధ్యలో అత్యవసరమైతేనే వారు ఫోను చేస్తారు. మోగలేదంటే అంతా బాగున్నట్టే అని మీకు ధైర్యం ఉంటుంది.

రెండోది, గుర్తొచ్చిన దిగులును కాగితం మీద పెట్టండి. "డాక్టరు గారిని కొత్త మాత్ర గురించి అడగాలి" అని రాసుకుంటే, ఇక దాన్ని తలలో మోయనక్కర్లేదు. సాయంత్రం ఆ కాగితం పట్టుకుని ఆసుపత్రికి వెళ్లండి. డాక్టరు గారి దగ్గర అడగాల్సినవి మర్చిపోకుండా కూడా అది ఉపయోగపడుతుంది.

మూడోది, ఇంటికీ పనికీ మధ్య ఒక చిన్న గీత ఉండాలి. పని నుంచి ఆసుపత్రికి నేరుగా పరుగెత్తకుండా కాళ్లూ చేతులూ కడుక్కుని, నాలుగు ముద్దలు తిని, ఐదు నిమిషాలు కూర్చుని బయలుదేరండి. ఆ ఐదు నిమిషాల్లో రోగికి వచ్చే నష్టం లేదు. విసుగు ముఖంతో వెళ్లే మనిషి కన్నా స్థిమితంగా వెళ్లే మనిషే రోగికి ధైర్యం ఇస్తారు.

7. ఓపిక కోసం తప్పుదారులు పట్టకండి

ఓపిక లేనప్పుడు మనిషి దగ్గరి దారి వెదుకుతాడు. అందులో నాలుగు దారులు చాలా ప్రమాదకరమైనవి.

నొప్పి మాత్రలు: ఒళ్లు నొప్పులకు మందుల దుకాణంలో అడిగి రోజూ మాత్ర వేసుకుని పనికి వెళ్లేవారు మన ప్రాంతంలో ఎక్కువ. డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ వంటి మాత్రలు తరచుగా వాడితే మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఎండలో చెమటోడ్చి నీళ్లు తక్కువ తాగినప్పుడు ఈ ముప్పు ఇంకా పెరుగుతుంది. ఇంట్లో ఒక డయాలసిస్ రోగి ఉండగా ఇంకొకరిని తయారు చేసుకోకండి. నొప్పి తగ్గకపోతే డాక్టరుకు చూపించి, మీకు సరిపడే మాత్ర, దాని మోతాదు అడిగి తెలుసుకోండి.

ఖైనీ, గుట్కా, చుట్ట: నిద్ర ఆగుతుందని, ఆకలి తెలియదని వీటిని వాడతారు. ఆ చురుకుదనం కాసేపే ఉంటుంది. నోటి క్యాన్సరు, గుండె జబ్బు మాత్రం ఉండిపోతాయి.

మద్యం: తాగితే నిద్ర పడుతుందనుకుంటారు. తూగు త్వరగా వచ్చినా తెల్లవారుజామున మెలకువ వచ్చేస్తుంది, మర్నాడు ఒళ్లు ఇంకా భారమవుతుంది. రోగి మందులకు ఉంచిన డబ్బు కూడా పోతుంది.

మితిమీరిన పని: ఖర్చు పెరిగింది కదా అని రెండు పూటల పనిని మూడు పూటలు చేస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ప్రకటించిన అధ్యయనం ఒకటి ఉంది. దాని ప్రకారం వారానికి 55 గంటలు, అంతకు మించి పని చేసేవారికి 35 నుంచి 40 గంటలు పని చేసేవారి కన్నా పక్షవాతం ముప్పు సుమారు 35 శాతం, గుండె జబ్బుతో చనిపోయే ముప్పు సుమారు 17 శాతం ఎక్కువ. పేదింటి మనిషికి గంటలు తగ్గించుకోవడం తేలిక కాదని మాకు తెలుసు. కానీ వారంలో ఒక్క పూటైనా రోగి సేవ లేకుండా, కూలి పని లేకుండా మీకోసం ఉంచుకోండి. ఆ ఒక్క పూట మీ ఇంటికి చేసే ఖర్చు కాదు, పొదుపు.

8. డాక్టరును ఎప్పుడు కలవాలి?

పైన చెప్పినవన్నీ పాటించినా కొందరికి మనసు లేవదు. కింద చెప్పిన లక్షణాలు రెండు వారాలకు మించి ఉంటే అది కుంగుబాటు జబ్బు కావచ్చు.

• రోజంతా దిగులు, దేని మీదా ఆసక్తి లేకపోవడం
• ఆకలి, నిద్ర బాగా తగ్గడం లేదా బాగా పెరగడం
• చిన్నదానికే ఏడుపు లేదా కోపం రావడం
• చేసిన పనిలోనే మళ్లీ మళ్లీ తప్పులు, మతిమరుపు
• "నేనెందుకూ పనికిరాను", "నేను లేకపోతేనే మేలు" అనిపించడం

ఇది రక్తపోటు, మధుమేహం లాగానే చికిత్స ఉన్న జబ్బు. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే రెండు వారాలు ఆగకండి. ఆ రోజే ఇంట్లో నమ్మిన ఒకరికి చెప్పండి, డాక్టరును కలవండి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 నంబరులో రాత్రీ పగలూ ఉచితంగా ఫోను చేయవచ్చు. తెలుగులోనే మాట్లాడవచ్చు. పురుగుమందు డబ్బాలు, రోగి మాత్రలు తాళం వేసి ఉంచడం ఇంట్లో మిగతావారి బాధ్యత.

అలాగే ఛాతీలో నొప్పి, ఒక్కసారిగా మూతి వంకర పోవడం, చెయ్యి లేదా కాలు పట్టు తప్పడం వంటివి జరిగితే "అలసటే" అనుకుని పడుకోకండి. వెంటనే 108కి ఫోను చేయండి.

9. ఇంట్లో చేయాల్సిన అభ్యాసం

ఈ పాఠం చదివి పక్కన పెట్టకుండా, ఈ రాత్రి ఇంట్లో అందరూ కూర్చుని ఈ ప్రశ్నలకు జవాబులు రాయండి.

1) గత వారం రోజుల్లో మన ఇంట్లో ఎవరు అందరికన్నా తక్కువ నిద్రపోయారు? వారికి ఈ వారం ఏ రెండు రాత్రులు సెలవు ఇద్దాం?
2) రోగిని చూసుకునేవారు చివరిసారి రక్త పరీక్ష ఎప్పుడు చేయించుకున్నారు?
3) సహాయం చేస్తామన్న బంధువులు ఎవరెవరు? ఒక్కొక్కరిని ఏ పని అడుగుదాం?
4) మన సంపాదన ఏ రోజుల్లో ఎక్కువ వస్తుంది? ఆ రోజుల్లో ఆసుపత్రి పని ఎవరు చూస్తారు?
5) రేపు నేను పూర్తి చేయగల మూడు చిన్న పనులు ఏమిటి?
6) ఇంట్లో ఎవరైనా డాక్టరుకు చెప్పకుండా నొప్పి మాత్రలు వాడుతున్నారా?

గుర్తుంచుకోండి. పెద్ద జబ్బు వారంలో పోయేది కాదు. నెలలు, ఒక్కోసారి ఏళ్లు పట్టవచ్చు. అంతకాలం ఒకే మనిషి తన ఒంటిని కాల్చుకుంటూ పని చేయలేరు. కడుపునిండా తిని, వంతులేసుకుని నిద్రపోయి, పనిని చిన్న ముక్కలుగా చేసుకునే కుటుంబం మాత్రం చాలాకాలం నిలబడగలదు. మీ రోగి బాగోగులు మా బాధ్యతలో ఉన్నాయి. మీ బాగోగుల గురించి కూడా మా నర్సులను, డాక్టర్లను అడగడానికి మొహమాటపడకండి. మీరు బాగుంటేనే మీ రోగికి ఇంట్లో కూడా వైద్యం కొనసాగుతుంది.